బిడ్డ ఉన్నట్టుండి రొమ్ము వద్దంటే...

ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ నిన్నటిదాకా హాయిగా పాలు తాగి, ఈ రోజు రొమ్ము అందించగానే ముఖం తిప్పుకుని ఏడిస్తే ఏ తల్లికైనా కంగారు పుడుతుంది. "పాలు సరిగా పడడం లేదేమో", "పాలు విరిగిపోయాయేమో", "దానంతట అదే మానేసిందిలే, డబ్బా పాలు పట్టండి" అని ఇంట్లో తలా ఒక మాట అంటారు. మర్నాటికి పాలసీసా ఇంటికి వస్తుంది. వారం తిరిగేసరికి తల్లికి పాలు తగ్గిపోతాయి. అప్పుడు బిడ్డ నిజంగానే తల్లిపాలకు దూరమవుతుంది.

ఏడాది లోపు బిడ్డ హఠాత్తుగా రొమ్ము వద్దంటే చాలావరకు దానికి ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం తొలగి, తల్లి ఓపిక పడితే చాలామంది పిల్లలు మళ్ళీ తాగుతారు. ఈలోగా తల్లికి పాలు తగ్గకుండా, బిడ్డ కడుపు మాడకుండా చూసుకోవాలి.

మానడమా? అలకా?

తనంతట తాను పాలు మానే బిడ్డ మెల్లగా మానుతుంది. ముందు పగటిపూట ఒక పూట తగ్గిస్తుంది, కొన్ని వారాలకు ఇంకో పూట. ఇది సాధారణంగా ఏడాది దాటాకే జరుగుతుంది. అప్పటికి బిడ్డ అన్నం బాగా తింటూ, గ్లాసుతో తాగుతూ ఉంటుంది. పాలు లేవని ఏడవదు.

అలక అలా ఉండదు. ఒక్క రోజులో మొదలవుతుంది. బిడ్డకు ఆకలి ఉంటుంది, అయినా రొమ్ము దగ్గరకు తీసుకుంటే వెనక్కి విరుచుకుని ఏడుస్తుంది. ఇది సాధారణంగా కొద్ది రోజులు, ఒక్కోసారి రెండు వారాల వరకు ఉంటుంది.

ఇంకొక రకం ఉంది. ఈ వయసులో బిడ్డకు చుట్టూ ఉన్నవన్నీ వింతే. తలుపు చప్పుడైనా, టీవీ మోగినా పాలు వదిలి అటు చూస్తుంది. రాత్రి మాత్రం బాగా తాగుతుంది. దీనికి భయపడనక్కర లేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చుని పాలిస్తే చాలు.

అన్నం తింటోంది కదా, పాలు ఎందుకు?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. ఆరు నెలలు నిండాక ఇతర ఆహారం మొదలుపెట్టినా, ఏడాది వరకు బిడ్డకు కావలసిన శక్తిలో సగం, అంతకంటే ఎక్కువ కూడా తల్లిపాల నుండి రాగలదు. రెండో ఏట కూడా దాదాపు మూడో వంతు అందుతుంది. జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు బిడ్డ అన్నం ముట్టకపోయినా తల్లిపాలు తాగుతుంది. అందుకే రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ముందు కారణం వెతకండి

బిడ్డలో: జలుబుతో ముక్కు మూసుకుపోతే పాలు పీలుస్తూ గాలి పీల్చుకోలేదు. చెవిపోటు ఉంటే చప్పరించినప్పుడు నొప్పి పెరుగుతుంది. పళ్ళు వస్తుంటే చిగుళ్ళు సలుపుతాయి. నోటిలో పుండ్లు గాని, తుడిచినా పోని తెల్లని పూత గాని ఉన్నాయేమో చూడండి.

తల్లిలో: రొమ్ముకు వాపు, గడ్డ వస్తే ఆ పాలు కొంచెం ఉప్పగా మారతాయి. మళ్ళీ గర్భం వస్తే పాలు తగ్గుతాయి, రుచి కూడా మారుతుంది. అంతమాత్రాన అవి చెడిన పాలు కావు. కొత్త సబ్బు, సెంటు, రొమ్ముకు రాసిన మందు వాసన కూడా బిడ్డకు నచ్చకపోవచ్చు.

ఇంట్లో: పుట్టింటి నుండి అత్తింటికి రావడం, తల్లి మళ్ళీ పనికి వెళ్ళడం, రెండు రోజులు బిడ్డకు దూరంగా ఉండడం కారణం కావచ్చు. బిడ్డ కొరికినప్పుడు తల్లి గట్టిగా అరిస్తే అది బెదిరిపోతుంది. పాలకు ముందు బిస్కెట్లు, పండ్లరసం పెడితే ఆకలే ఉండదు. సీసాలో పాలు తేలికగా వస్తాయి కాబట్టి దానికి అలవాటు పడిన బిడ్డ రొమ్ము దగ్గర విసుక్కుంటుంది.

పాలు పిండండి, గిన్నెతో తాగించండి

బిడ్డ తాగకపోతే రొమ్ములు బిగుసుకుంటాయి. అలాగే వదిలేస్తే గడ్డకట్టి జ్వరం రావచ్చు, పాలు కూడా తగ్గుతాయి. అందుచేత బిడ్డ మామూలుగా తాగే వేళలకు, పగలు సుమారు మూడు గంటలకు ఒకసారి, పాలు పిండండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. రొమ్ముపై నల్లని వలయానికి పైన బొటనవేలు, కింద చూపుడువేలు ఉంచి, ముందు ఛాతీ వైపు మెల్లగా నొక్కి, తర్వాత వేళ్ళు దగ్గరకు నొక్కి వదలండి. చనుమొనను లాగవద్దు. నొప్పి పుట్టకూడదు. మొదట చుక్కలుగా వచ్చి తర్వాత ధారగా వస్తాయి.

పిండిన పాలను మరిగే నీటిలో శుభ్రం చేసిన ఉగ్గుగిన్నెతోగాని, చిన్న స్టీలు గ్లాసుతోగాని ఇవ్వండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి గిన్నె అంచు పెదవికి తగిలించండి. నోట్లో పోయవద్దు, బిడ్డే చప్పరించాలి. చల్లని గదిలో ఈ పాలు మూత పెట్టి నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో 24 గంటలు ఉంచవచ్చు. మన ఎండాకాలంలో ఫ్రిజ్ లేకపోతే వెంటనే తాగించడం మేలు.

మళ్ళీ రొమ్ముకు అలవాటు చేయడం

* బిడ్డ నిద్రమత్తులో ఉన్నప్పుడు, నిద్ర లేవబోతున్నప్పుడు ప్రయత్నించండి. మెలకువలో వద్దన్న బిడ్డ అప్పుడు తాగవచ్చు.
* పాలివ్వకపోయినా రోజూ కాసేపు బిడ్డను మీ ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోండి.
* మసక వెలుతురులో పక్కకు పడుకుని ఇవ్వండి. లేదా ఎత్తుకుని మెల్లగా నడుస్తూ ఇవ్వండి.
* ముందు కొంచెం పిండి, పాలు దిగాక అందించండి. పెదవులపై రెండు చుక్కలు వేయండి.
* ముక్కు మూసుకుపోతే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు పాలకు కొద్దిసేపు ముందు వేయండి.
* ఏడుపు మొదలైతే ఆపేయండి. ఊరడించి, గిన్నెతో పాలిచ్చి, తర్వాతి పూట మళ్ళీ చూడండి.

చేయకూడనివి

తల పట్టుకుని రొమ్ముకు అదమవద్దు. బిడ్డకు రొమ్మంటేనే భయం పట్టుకుంటుంది. "ఆకలేస్తే అదే తాగుతుంది" అని పస్తు పెట్టవద్దు. పాలసీసా, నోటిపీక ఇవ్వవద్దు. సీసా మూలలు సరిగా శుభ్రపడక విరేచనాలు పట్టుకుంటాయి. పాలపొడికీ, పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశం 1992లోనే చట్టం చేసి నిషేధించింది. పైపాలు తప్పనిసరి అయితే డాక్టరును అడిగి ఇవ్వండి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు.

పాలు మాన్పించాలని కొన్ని ఇళ్ళలో రొమ్ముకు వేపాకు ముద్ద రాస్తారు, మల్లెపూలు కడతారు. మల్లెపూలు కట్టినప్పుడు బాలింతలకు పాలు తగ్గినట్లు 1988లో ప్రచురించిన ఒక పరిశీలనలో తేలింది. కాబట్టి రొమ్ములు బిగిశాయని పూలు కట్టుకుంటే, బిడ్డ అలక తీరేసరికి పాలు ఉండకపోవచ్చు. పాలు పిండడమే మందు.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావలసినప్పుడు

* బిడ్డ రొమ్మే కాక గిన్నెతో ఇచ్చినా ఏమీ తాగలేకపోతే, తాగినదంతా వాంతి చేసుకుంటే
* మత్తుగా పడి ఉంటే, ఫిట్స్ వస్తే
* ఆరు గంటలు దాటినా మూత్రం పోయకపోతే, కళ్ళు లోపలికి పోతే, నోరు ఎండిపోతే
* ఊపిరి వేగంగా ఉంటే. ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 సార్లు, ఏడాది దాటిన బిడ్డకు 40 సార్లు, అంతకంటే ఎక్కువైనా ప్రమాదమే. ఏడవనప్పుడు నిమిషం నిండా లెక్కపెట్టండి.
* జ్వరం ఉంటే, చెవి పట్టుకుని ఏడుస్తుంటే, చెవి కారుతుంటే
* తల్లికి రొమ్ము ఎర్రబడి, నొప్పితో జ్వరం వస్తే. అప్పుడు కూడా పాలు ఆపవద్దు.

రాత్రివేళ అయినా తెల్లవారేదాకా ఆగవద్దు. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లోవారికి ఒక మాట

బిడ్డ రొమ్ము వద్దన్నప్పుడు తల్లి మనసు చాలా చిన్నబోతుంది. "నా బిడ్డకు నేను అక్కరలేదా" అని చాటుగా ఏడ్చే తల్లులను మా వార్డులో చూస్తుంటాం. ఆ సమయంలో "నీకు పాలు లేవు" అనే మాట ఆమెను ఇంకా కుంగదీస్తుంది. అమ్మమ్మగారూ, నానమ్మగారూ, మీరు బిడ్డను కాసేపు ఎత్తుకుని ఆమెను పాలు పిండుకోనివ్వండి. వంటపని మీరు అందుకోండి. భర్త గిన్నె మరిగించి పెట్టవచ్చు, రాత్రి బిడ్డను ఎత్తుకుని తిప్పవచ్చు. ఆమెకు వేళకు అన్నం, మంచినీళ్ళు అందించండి.

ఇంత చేసినా కొందరు పిల్లలు తిరిగి రొమ్ము పట్టరు. అది తల్లి తప్పు కాదు. పిండిన పాలు గిన్నెతో ఇచ్చినా అవి తల్లిపాలే. ఎన్నాళ్ళు ఇవ్వగలిగితే అన్నాళ్ళ మేలు బిడ్డకు ఉంటుంది. పిండడం కుదరక ఇబ్బంది పడుతుంటే ఓ.పి.లో సిస్టరును అడగండి, దగ్గర కూర్చుని చూపిస్తారు.