పిల్లల మొగం చూసి సర్దుకోమంటే...

'పిల్లల మొగం చూసి సర్దుకోమ్మా.' కర్నూలు, కడప పల్లెల్లో మొగుడి దెబ్బలు తాళలేక రచ్చకట్ట కాడికొచ్చిన ఆడమనిషికి పెద్దమనుషులు చెప్పే తీర్పు చాలాసార్లు ఇదే. దళితవాడల్లో పంచాయితీకి కూచునే మన కార్యకర్తల నోటి నుంచి కూడా ఈ మాట వస్తుంది. అందుకే మేము ఒక్క ప్రశ్న వేస్తున్నాం. ఆమె సర్దుకుంటే పిల్లలు నిజంగా బాగుంటారా?

బాగుండరు. తల్లిని కొట్టే ఇంట్లో బిడ్డ మీద చెయ్యి పడకపోయినా దెబ్బ తగులుతుంది. రాత్రి ఏ క్షణాన ఏం జరుగుతుందోనని నిద్ర కాచుకున్న బిడ్డ మరుసటి రోజు బడిలో తూగుతాడు. ఉన్నట్టుండి పక్క తడపడం, ఊరికే కడుపునొప్పి అనడం, ఎవరైనా చెయ్యెత్తితే ఉలిక్కిపడడం ఆ భయానికి గుర్తులే. అమ్మను ఒంటరిగా వదిలి పోలేక బడి మానే ఆడపిల్లలుంటారు. కొట్టడమే మగతనమని నేర్చుకునే మగపిల్లలుంటారు. చాలామంది పిల్లలు 'నా వల్లే ఇదంతా' అని లోలోపల కుమిలిపోతారు.

ఇది ఒక్క కులం జబ్బు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతి హింసను అనుభవించినవాళ్లే. అయినా దళిత స్త్రీ ఫిర్యాదుకు పోతే 'వాళ్లిళ్లల్లో ఇది మామూలేలే' అనే కులాహంకారం ఎదురవుతుంది. ఇటు మనవాళ్లేమో 'ఇంటిగుట్టు బయటేస్తే ఉద్యమానికి చెడ్డపేరు' అంటారు. ఈ రెండు మాటల నడుమ నలిగేది తల్లీ బిడ్డలే. ఒక సమాజం సాధించిన ప్రగతిని ఆ సమాజపు స్త్రీల ప్రగతితోనే కొలుస్తానని 1942 జూలైలో నాగపూర్ దళిత మహిళల సభలో అంబేడ్కర్ చెప్పిన సంగతి మనం మరవకూడదు.

కరువు మనిషిచేత కొట్టించదు గానీ తప్పించుకునే దారులు మూసేస్తుంది. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికని గుంటూరు మిరప చేలకు పోయిన కుటుంబానికి గుడారమే ఇల్లు. అక్కడ అడ్డం పడే అవ్వ ఉండదు, పరుగెత్తిపోయేందుకు పొరుగిల్లుండదు. బిడ్డకు బడీ ఉండదు. రాయచోటి, రాజంపేట వైపు తల్లులు కువైట్‌కు ఇంటిపనికి పోతే, పిల్లలకున్న ఒక్క అండా దూరమవుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక పోరాటం రాయలసీమకూ పాకింది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇంటి నాలుగు గోడల నడుమ ఏడుపును ఆ స్త్రీలు ఊరి సమస్యగా మార్చినారు. అయితే తాగకుండా కొట్టేవాళ్లూ ఉన్నారు. సీసా పగలగొట్టినంత మాత్రాన పెత్తనం పగలదు.

ఈరోజు చేతిలో చట్టం ఉంది. 2005 గృహహింస చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు మొగుడి పేరున ఉన్నా ఆమెను వెళ్లగొట్టకూడదు. మేజిస్ట్రేటు పిల్లలను తాత్కాలికంగా తల్లి దగ్గరే ఉంచమని ఉత్తర్వు ఇవ్వవచ్చు, పోషణకు డబ్బు కూడా ఇప్పించవచ్చు. సొంతూరికే పోవాలని లేదు. తాత్కాలికంగా తలదాచుకున్న చోట, అది పుట్టిల్లయినా సుగ్గికి పోయిన ఊరయినా, అక్కడి కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. రక్షణాధికారి ఆ అర్జీకి సాయపడాలి. స్త్రీలకు 181, పిల్లలకు 1098 ఫోన్లున్నాయి.

చట్టం కాక మనం చేయాల్సింది కూడా ఉంది. అయ్యవార్లు అలాంటి బిడ్డను తరగతిలో అందరి ముందు అడగకూడదు. పక్కన కూచోబెట్టుకుని 'నీ తప్పేం లేదు' అని చెప్పాలి. అమ్మా నాయన నడుమ మాటలు మోసే పని, సాక్ష్యం చెప్పే పని బిడ్డ నెత్తిన పెట్టకూడదు. వేళకు బువ్వ, నిద్ర, బడి, నమ్మదగిన ఒక్క పెద్ద మనిషి తోడు దొరికితే బిడ్డ కోలుకుంటుంది. దెబ్బలు తిన్న తల్లి విసుగులో బిడ్డను కొడితే ఆమెను దోషిగా నిలబెట్టొద్దు, ఆమె భారం పంచుకోవాలి.

ఈసారి రచ్చకట్ట కాడ ఎవరైనా 'పిల్లల మొగం చూసి' అని మొదలుపెడితే మనం అడ్డుకోవాలి. పిల్లల మొగం చూసి సర్దుకోవలసింది ఆమె కాదు. చెయ్యి దించవలసింది వాడు, ఆమె పక్కన నిలబడవలసింది మనం.