రంపపు పొట్టే రోగం చెబుతుంది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని కుదిపేసింది. తెల్లారి చూసేసరికి కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగి ఉన్నాయి. దారులకు అడ్డంగా పడిన మానులను ఒక్క గొడ్డలితో తొలగించాలంటే రోజుల తరబడి పని. అటువంటి సమయంలో అక్కరకు వచ్చేది పెట్రోలుతో నడిచే చైను రంపం. నేడు సరుగుడు, జామాయిలు తోటలు కొట్టేవారిలో చాలామందికి ఇదే జీవనాధారం.

అయితే రంపం చేతిలో ఉన్నంత మాత్రాన కోత సాగదు. మిషను కొత్తదే. పెట్రోలు, ఆయిలు నిండుగా ఉన్నాయి. అయినా ఉదయం పట్టిన దుంగ ఎంతకీ తెగదు. కోత దగ్గర పొగ లేస్తుంది, భుజాలు లాగేస్తాయి. "ఏం బాబూ, ఇంకా ఆ ఒక్క మాను దగ్గరే ఉన్నావా?" అని తోట ఆసామి అడుగుతాడు. పనివాడు మిషనును తిట్టుకుంటాడు. చాలాసార్లు తప్పు మిషనుది కాదు, చైనుకు పదును పెట్టిన చేతిది.

మొద్దు చైనుతో కోస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, కూలి గిట్టదు. వీటన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. తెగని రంపాన్ని మనిషి బలంతో నొక్కుతాడు. దుంగ హఠాత్తుగా తెగితే ఆ ఊపుకు రంపం కాలి మీదికి వస్తుంది. అందుకే ఆకురాయి చేత పట్టే ముందు రోగమేమిటో తెలుసుకోవాలి.

పురుగు నేర్పిన పాఠం

చైను పన్ను మామూలు రంపపు పన్నులా ఉండదు. 1946లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కోతగాడు కట్టెలు కొడుతూ ఒక మొద్దులో తొలుచుకుపోతున్న పురుగును చూశాడట. అది తన దవడలతో కుడికీ ఎడమకూ మార్చి మార్చి చెక్కను కొరుకుతోంది. ఆ పద్ధతిని ఉక్కులో దించి, మరుసటి ఏడాదికల్లా కొత్త రకం చైను తయారు చేశాడు. నేటి చైన్లలో ఎక్కువ భాగం ఆ నమూనా నుంచి వచ్చినవే.

అందుకే చైనులో ఒక పన్ను కుడివైపు, తర్వాతి పన్ను ఎడమవైపు ఉంటాయి. ప్రతి పన్నూ వడ్రంగి చిత్రిక లాంటిది. పై అంచు చెక్కను లేపుతుంది, పక్క మూల నారను తెంపుతుంది. పంటికి ముందు చిన్న బుడిపె ఒకటి ఉంటుంది. దీన్ని డెప్త్ గేజి అంటారు. నాగలి ఎంత లోతు దిగాలో రైతు చెయ్యి నిర్ణయించినట్టు, పన్ను ఎంత లోతు కొరకాలో ఈ బుడిపె నిర్ణయిస్తుంది.

లక్షణాలు ఇవీ

ముందుగా కింద పడిన పొట్టును చేతిలోకి తీసుకోవాలి. పచ్చి చెట్టును అడ్డంగా కోసినప్పుడు జొన్న గింజంత పేళ్లు రాలితే చైను ఆరోగ్యంగా ఉన్నట్టే. పిండిలా మెత్తటి పొట్టు రాలితే అది మొద్దుబారింది. పదునున్న చైను తనంతట తానే చెక్కలోకి దిగుతుంది, నొక్కవలసిన పనిలేదు.

కోత తిన్నగా రాక ఒక పక్కకు వంకర పోతుంటే, ఒక వైపు పళ్లు రెండో వైపు పళ్లకన్నా పొడుగ్గానో పదునుగానో ఉన్నాయన్నమాట. కుడిచేతి వాటం మనిషికి ఒక వైపు పళ్లు తేలిగ్గా అరుగుతాయి, రెండో వైపు చెయ్యి సాగదు. తెలియకుండానే తేడా వచ్చేస్తుంది. రంపం పదునైన వైపుకే లాగుతుంది.

అంచు పదునుగానే కనిపిస్తున్నా చైను చెక్క మీద జారిపోతుంటే రెండు కారణాలు ఉండవచ్చు. పళ్లు అరిగి, బుడిపెలు మాత్రం ఎత్తుగా మిగిలిపోయి ఉండవచ్చు. లేదా ఆకురాయిని మరీ పైకి పట్టడంవల్ల అంచు వెనక్కి వాలిపోయి ఉండవచ్చు.

రంపం కుదుపుతూ, చెక్కను పట్టి లాగుతూ, మాటిమాటికీ ఆగిపోతుంటే అది ప్రమాద సూచన. బుడిపెలు అతిగా అరగదీసి ఉంటారు, లేదా ఆకురాయి మరీ కిందికి దిగి పన్ను చిలక ముక్కులా వంగి ఉంటుంది. అలాంటి పన్ను మొదట ఆత్రంగా కొరికి, కాసేపటికే మొద్దుబారుతుంది.

పళ్ల కొనలు నీలిరంగుకు తిరిగి ఉంటే, సానమిషను మీద ఎక్కువసేపు పట్టారన్నమాట. వేడికి ఉక్కు గుణం మారిపోతుంది. అటువంటి అంచు నిలవదు. నీలి భాగం పోయేదాకా వెనక్కి అరగదీయాలి.

పొగ వస్తే మాత్రం పదునుతోపాటు ఆయిలు కూడా చూసుకోవాలి. బార్‌కు ఆయిలు అందకపోయినా పొగ వస్తుంది. చైనును తిరగేసి ఎక్కించి పళ్లను నిందించేవారూ ఉన్నారు. బార్ పైభాగాన పళ్ల అంచులు మొన వైపు చూస్తూ ఉండాలి.

వైద్యం ఇలా

ఇంజను ఆపి, ప్లగ్గు వైరు తీసి, చేతికి తొడుగులు వేసుకున్న తర్వాతే చైనును ముట్టాలి. చైను వదులుగా ఉంటే బిగించాలి. బార్‌ను మొద్దు మీద కదలకుండా నిలబెట్టాలి.

ఆకురాయి ఏదైతేనేం అనుకోవడం పెద్ద పొరపాటు. చైను మీద వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే దాని సైజు తెలుస్తుంది. ఆ సగం 8.25 మిల్లీమీటర్లయితే 4.8 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి వాడాలి. సగం 9.5 మిల్లీమీటర్లు వచ్చిన చైన్లలో చిన్న మిషన్లకు వేసే సన్నరకానికి 4 మిల్లీమీటర్లది, పెద్దరకానికి 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది వాడాలి. ఈ రెండు సైజుల్లో ఏదన్నది చైను పెట్టె మీద చూసుకోవాలి.

ఇప్పుడు అన్ని పళ్లలో బాగా అరిగిన పొట్టి పన్నును వెతికి సున్నంతో గుర్తు పెట్టాలి. మొదట దాన్ని బాగుచేసి, మిగతా పళ్లన్నిటినీ దాని పొడవుకే తీసుకురావాలి. పొడుగు పళ్లు అరుగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది గాని, వంకర కోతకు ఇంతకుమించిన మందు లేదు.

ఆకురాయిని పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. సాధారణంగా కోణం 30 డిగ్రీలు. చాలా చైన్లలో పంటి మీద ఉండే గీత ఈ కోణాన్నే చూపిస్తుంది. ఆకురాయి మందంలో ఐదోవంతు పంటి పై అంచుకన్నా పైకి కనిపించాలి. ఇంకా పైకి లేస్తే అంచు వాలుతుంది, ఇంకా దిగితే చిలక ముక్కు వస్తుంది. ఒక వైపు పళ్లన్నీ పూర్తిచేసి, మిషను తిప్పుకుని రెండో వైపు మొదలుపెట్టాలి.

పని అయిందా లేదా అన్నది వెలుతురు చెబుతుంది. ఎండలో పెట్టి చూసినప్పుడు అంచు మీద తెల్లటి మెరుపు గీత కనిపిస్తే ఇంకా మొద్దే. పదునైన అంచు మెరవదు. పంటి పై పూత క్రోమియంది. రాయి తగిలి ఆ పూత లేచిపోతే, మంచి పూత కనిపించేదాకా అరగదీయాలి.

బుడిపె మీద తొందర వద్దు

పళ్లు సమానమయ్యాకే బుడిపెల సంగతి చూడాలి. చాలా చైన్లలో బుడిపె పంటి అంచుకన్నా సుమారు 0.65 మిల్లీమీటరు కిందికి ఉండాలి. ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు మందం దాదాపు అంతే. దుకాణంలో దొరికే గేజి రేకును చైను మీద పెట్టి, సందులోంచి పైకి వచ్చిన బుడిపెను చదును ఆకురాయితో అరగదీసి, ముందు అంచును మళ్లీ గుండ్రంగా చేయాలి.

బుడిపెలు బాగా తగ్గిస్తే కోత త్వరగా సాగుతుందని కొందరి నమ్మకం. ఆ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. పన్ను అతిగా కొరికితే బార్ మొన దుంగకు తగిలినప్పుడు రంపం ఒక్కసారిగా మనిషి ముఖం మీదికి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి తగ్గిన బుడిపె మళ్లీ పెరగదు. పళ్లు అరిగి దాని స్థాయికి దిగేదాకా ఆగాలి, లేదా చైను మార్చాలి.

పళ్లు, బుడిపెలు సరిగా ఉన్నా కోత వంకరపోతే లోపం బార్‌లో ఉంది. చైను విప్పి, బార్‌ను సమమైన గచ్చు మీద అంచున నిలబెట్టి చూడాలి. ఒక పక్కకు ఒరిగితే దాని అంచులు సమానంగా లేవు. అంచులను చదును చేయించాలి, బాగా అరిగిపోతే మార్చాలి.

మళ్లీ రాకుండా

మన తీరప్రాంతంలో చైనుకు మొదటి శత్రువు ఇసుక. నేల మీద పడి ఉన్న కొబ్బరి మానును కోసే ముందు చీపురుతో ఇసుక దులపాలి. మొన నేలకు తగలకుండా కింద ఒక దుంగ పెట్టాలి. క్షణకాలం నేలను తాకినా పొద్దుటి నుంచి పెట్టిన పదునంతా పోతుంది.

పెట్రోలు పోసిన ప్రతిసారీ ఒక్కో పంటికి రెండు మూడు తోపులు పెడితే చాలు. సాయంత్రం గంటసేపు చెమటోడ్చే అవసరం రాదు, చైనూ ఎక్కువ కాలం వస్తుంది. పంటి పైభాగం పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గితే, లేదా పంటికి పగులు కనిపిస్తే దానితో ఇక పని లేదు. కొత్త చైనుకు బేరమాడవచ్చు గాని, తెగిపోయిన వేలికి బేరం లేదు.

ఇకమీద రంపం మొరాయిస్తే ముందు కిందికి చూడండి. అక్కడ రాలింది పేళ్లా, పిండా? జవాబు అందులోనే ఉంటుంది.