ఫ్యామిలీ ప్లాన్ బిల్లు కట్టేది మీరేనా? ఇంట్లోవాళ్ల కాల్ లిస్ట్ తీసే ముందు ఇది తెలుసుకోండి..

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు.. నాలుగు నంబర్లు, ఒకటే పోస్ట్‌పెయిడ్ బిల్లు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. డబ్బులు కట్టేది మనమే కదా, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే తప్పేంటి? అని చాలామంది అనుకుంటారు. కానీ ఇక్కడ చూడాల్సింది బిల్లు ఎవరు కడుతున్నారని కాదు.. సిమ్ ఎవరి పేరు మీద ఉందని.

సిమ్ మీ పేరు మీదే ఉంటే..

కేవైసీ మీ పేరుతో జరిగితే కంపెనీ లెక్కలో కస్టమర్ మీరే. యాప్‌లోనో, స్టోర్‌లోనో ఐటమైజ్డ్ బిల్లు అడగొచ్చు. ప్రీపెయిడ్ వాళ్లకూ ఈ సౌకర్యం ఉంది. గత 6 నెలల్లోపు వివరాలకు రూ.50 మించి వసూలు చేయకూడదన్నది ట్రాయ్ నిబంధన. 18 ఏళ్లలోపు పిల్లలు వాడే నంబర్లు మామూలుగా తల్లిదండ్రుల పేరు మీదే ఉంటాయి కాబట్టి వాటి బిల్లు అడగడానికి ఇబ్బంది లేదు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చెక్ చేసుకోవచ్చు.

వాళ్ల పేరు మీద ఉంటే..

అప్పుడు ఆ రికార్డు అడగాల్సింది వాళ్లే. తెలిసిన ఉద్యోగితో గుట్టుగా తీయించినా, డిటెక్టివ్‌కు డబ్బులిచ్చి తెప్పించినా చిక్కుల్లో పడ్డట్టే. టెలికమ్యూనికేషన్స్ చట్టం 2023, సెక్షన్ 42 ప్రకారం అనుమతి లేకుండా టెలికాం కంపెనీ డేటాలోకి వెళ్తే 3 ఏళ్ల వరకు జైలు, రూ.2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ డేటాలో కాల్ రికార్డులు కూడా ఉన్నాయని చట్టంలోనే స్పష్టంగా రాశారు. 2024 జూన్ 26 నుంచి ఈ సెక్షన్ అమల్లో ఉంది. కాల్ రికార్డులు అక్రమంగా అమ్మిన కేసులో 2018లోనే థానే పోలీసులు ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్ట్ చేశారు.

బిల్లులో ఏం కనిపిస్తుంది?

సాధారణంగా చేసిన కాల్స్, పంపిన ఎస్ఎంఎస్‌లు, వాడిన డేటా మాత్రమే. వచ్చిన కాల్స్ ఉండవు. వాట్సాప్ కాల్స్ డేటా కింద కలిసిపోతాయి. ఏం మాట్లాడారో అసలే తెలియదు. అంటే పెద్దవాళ్లకు సైబర్ మోసగాళ్లు ఫోన్ చేస్తున్నారేమోనని బిల్లు తిరగేసినా ఆ నంబర్ దొరక్కపోవచ్చు. అలాంటప్పుడు వాళ్ల ఫోన్‌లోనే కాల్ హిస్టరీ కలిసి చూడటం, డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయడం మేలు.

విడాకుల కేసులో రికార్డు కావాలంటే?

లాయర్ ద్వారా కోర్టును అడగాలి. అవసరమని తేలితే కోర్టే కంపెనీ నుంచి తెప్పిస్తుంది. కంపెనీలు ఈ వివరాలను కనీసం 2 ఏళ్లు దాచాలి కాబట్టి ఆలస్యం చేయొద్దు. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డ్ చేసిన సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది ఆ ఇద్దరి మాటల గురించే. టెలికాం కంపెనీ నుంచి దొంగచాటుగా కాల్ లిస్ట్ తీయించుకోవడానికి లైసెన్స్ కాదు.

అనుమానం ఉంటే అడగండి.. గొడవ ముదిరితే కోర్టుకు వెళ్లండి. అడ్డదారిలో తెచ్చిన కాల్ లిస్ట్ చివరికి మీ మీదే కేసు అవుతుంది.