పాత బట్టల మూట

కోతపండుగ దగ్గరకొస్తోంది. మా రాయగడ సంఘంలో ఆ పండుగ ఎలా మారిందో రాయమని పాస్టరుగారు అడిగారు. నా చదువు ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఈ ఊళ్ల సంగతి కొంచెం చెప్పాలి. కోరాపుట్, రాయగడ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ రోజున ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఇవి అందులో కలిశాయి. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. అందుకే ఇక్కడ తెలుగు నిన్నా మొన్నా వచ్చింది కాదు. రైలు, కాగితం మిల్లు వచ్చాక పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి ఇంకా చాలామంది వచ్చి స్థిరపడ్డారు. కాబట్టి చర్చిలో ఒక బెంచీ మీద తెలుగువాళ్లు, పక్క బెంచీ మీద ఒడియావాళ్లు, వెనక కువి, దేశియా మాట్లాడే కొండ ఊళ్ల వాళ్లు కూర్చుంటారు.

ఈ కొండల్లో సంఘం మొదలయిందే అతిథులతో. జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊరుంది. అక్కడ క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరుగారు 1876లో ఒక మిషన్ పెట్టారు. వాళ్లు పంపిన ఇద్దరు మిషనరీలు బస్తర్‌లో పని చేద్దామనుకున్నారు. అక్కడ వీల్లేకపోతే 1882లో కోరాపుట్ వచ్చారు. భాష రాని మనుషులకి ఈ కొండల వాళ్లే చోటిచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటిషువాళ్లు జర్మనులను ఇక్కడ ఉండనివ్వలేదు. అయినా సంఘం చెదిరిపోలేదు.

ఇంత పాత కథ ఉండి కూడా మా సంఘంలో మేం రెండుగా ఉండేవాళ్లం. ఏ భాష ఆరాధన ముందు పెట్టాలన్న దగ్గర మాట పెరిగింది. తర్వాత చందా పుస్తకాలు రెండయ్యాయి. ఆఖరికి టీ కెటిల్ కూడా రెండు. ఎవరి టీ వాళ్లు తాగి ఎవరింటికి వాళ్లు పోయేవాళ్లం.

పదేళ్ల కిందట క్రిస్మసుకి కోరాపుట్ జిల్లాలో లక్ష్మీపూర్ అవతలున్న ఒక ఊరి విశ్వాసులకి బట్టలు పంపాం. తెలుగు మూట వేరు, ఒడియా మూట వేరు. తెలుగు మూట కట్టింది నేనే. నేను బట్టల మిల్లులో ఫోల్డింగులో పనిచేసినవాణ్ణి. తాను విప్పి చూసి డ్యామేజి ఎక్కడుందో చెప్పడమే నా పని. మరి ఆ మూటలో చిరుగులు నాకు కనపడవా? కనపడ్డాయి. ఒక ఆకుపచ్చ చీరకి కొంగు దగ్గర రెండు వేళ్లు పట్టే చిల్లుంది. చిల్లు లోపలికి పోయేలా మడతపెట్టి మూటలో పెట్టేశాను. లేనివాళ్లకి ఇదే ఎక్కువలే అనుకున్నాను.

తరవాత పాస్టరుగారు, ఆ ఊరివాళ్లని కోతపండుగకి పిలుద్దాం, ఇంటికెళ్లి పిలవాలి అన్నారు. పన్నెండుమందిమి రైలెక్కాం. కోరాపుట్ లైను మీకు తెలుసు కదా, సొరంగం దాటితే ఇంకో సొరంగం. లక్ష్మీపూర్‌లో దిగి జీపులో కొంత, నడిచి కొంత వెళ్లాం.

ఊరి మొదట్లోనే చెంబులతో నీళ్లు తెచ్చి మా కాళ్లు కడిగారు. డప్పులతో గుడి దాకా తీసుకెళ్లారు. అడ్డాకు విస్తళ్లలో అన్నం, నాటుకోడి కూర, దొప్పల్లో చోడి అంబలి. వాళ్లు తినే తిండి కాదది, మాకోసం కోసిన కోడి. బయలుదేరేటప్పుడు మనిషికో చిన్న మూట ఇచ్చారు. అందులో కందులు, అల్లం, చోళ్లు. అన్నీ ఆ ఏటి కొత్త పంట, ఏరి శుభ్రం చేసినవి.

నాకు మూటిచ్చిన ముసలమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుంది. కొంగు దగ్గర చూశాను. ఆ చిల్లుకి రంగు కలిసే గుడ్డ ముక్క వేసి చిన్న చిన్న కుట్లతో కుట్టుకుంది. అతిథులొస్తున్నారని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చింది. "జుహార్" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నేను తలెత్తలేకపోయాను.

రైల్లో ఆ సంగతి అందరికీ చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత ఒక ఒడియా అక్క, "మా మూటలోనూ అలాంటివే ఉన్నాయి భాయీ, నాకు తెలుసు" అంది. ఆ మాటతో ఎన్నో ఏళ్లుగా ఎడంగా ఉన్న మేం ఒకే బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. సిగ్గు ఇద్దరిదీ ఒకటే అయింది.

ఆ వారమే ప్రతి ఇంట్లో ఒక డబ్బా పెట్టాం. వంటకి బియ్యం కొలిచాక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. ఇది మన తెలుగు సంఘాల్లో పాత అలవాటే, మేం మరిచిపోయాం. మా ఇంటిది ఒక్క పూట కూడా మానలేదు. నెలకోసారి అందరి బియ్యం ఒకచోట పోసి అమ్మాం. పుస్తకం ఒకటే పెట్టి, లెక్క ఆ ఒడియా అక్కకి అప్పజెప్పాం. ఆ డబ్బుతో కొత్త దుప్పట్లు కొన్నాం. ప్రతి దుప్పటీ విప్పి, వెలుగులో పట్టి, నేనే చూశాను. ఈసారి డ్యామేజి ఉన్నది షాపుకి తిప్పి పంపాను.

పండుగకి నలభైమందికి పైనే వచ్చారు. కాళ్లకి నీళ్లు మేమిచ్చాం. చీట్లు వేసి ఇంటికి ఇద్దరిని పంచుకున్నాం. భాష రాని ఇంట్లో పిల్లలే మధ్యవర్తులయ్యారు.

ఆరాధన అయ్యాక కానుకల వేలం. ఆ ముసలమ్మ ఒక గుమ్మడికాయ తెచ్చింది. మా తెలుగాయన పాడి, డబ్బు కట్టి, కాయని మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. ఒడియా మాస్టారు ఇంకా పైకి పాడి, ఆయనా తిరిగిచ్చేశారు. అలా ఆ ఒక్క కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆఖరికి సగం కాయ మన పులుసులోకి, సగం వాళ్ల డాల్మాలోకి వెళ్లింది.

ఇప్పుడు మాకు కెటిల్ ఒకటే. గొడవలు పూర్తిగా పోలేదు, పాటల దగ్గర ఇప్పటికీ మాటా మాటా వస్తుంది. కానీ పుస్తకం రెండు చేద్దామని ఎవరూ అనరు.

క్రిస్మసు ముందు మీ పేటల్లోనూ బట్టల మూటలు కడతారు. నాదొక్కటే మనవి. ప్రతి బట్టా విప్పి చూడండి. అది కట్టుకుని మీరు చర్చికి వెళ్లగలరా అని ఆలోచించండి. వెళ్లలేమనిపిస్తే మూటలో పెట్టొద్దు, ఇల్లు తుడుచుకోడానికి ఉంచుకోండి. కొత్తది కొనే స్తోమత లేకపోతే ఈ రోజు నుంచే పిడికెడు బియ్యం మొదలుపెట్టండి.