లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఎంపిక: పాత పికప్ ట్రక్కు వెనుక ఇరుసు

సాధారణ డిఫరెన్షియల్ ఎలా పనిచేస్తుందో కిందటి భాగంలో చదివారు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ వేగభేదానికి డిఫరెన్షియల్ వీలు కల్పిస్తుంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. వేగాలు వేరైనా టార్కును మాత్రం అది రెండు వైపులా సమానంగానే పంచుతుంది. ఒక చక్రం బురదలో 200 న్యూటన్-మీటర్లకే జారిందనుకోండి, గట్టినేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. ఇంజను ఎంత పెద్దదైనా ఫలితం ఇదే.

పికప్ ట్రక్కులో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంజను బరువు ముందు ఇరుసు మీద పడుతుంది. వెనుక తొట్టి ఖాళీగా ఉంటే నడిపే చక్రాల మీద భారం ఉండదు. అమెరికాలో 1960, 70 దశకాల్లో విరివిగా తిరిగిన ఫోర్డ్ ఎఫ్-100ను ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి బండిని బాగుచేసుకుని నడిపేవారికి మూడు దారులు ఉన్నాయి.

మొదటిది క్లచ్ ప్లేట్ల రకం. స్ప్రింగులు ప్లేట్లను ఎప్పుడూ కొంత నొక్కి ఉంచుతాయి. కాబట్టి ఒక చక్రం గాలిలోకి లేచినా రెండోదానికి కొంత టార్కు చేరుతుంది. ప్లేట్లు అరుగుతాయి, మళ్లీ మార్చుకోవాలి. గేర్ ఆయిల్‌లో ఘర్షణను సవరించే ద్రవం కలపకపోతే మలుపుల్లో కటకటమని అదురుతాయి.

రెండోది హెలికల్ గేర్ల రకం. ఇందులో క్లచ్ ప్లేట్లు లేవు. భారం పడినప్పుడు ఏటవాలు పళ్ల గేర్లు కేసు గోడలకు ఒత్తుకుంటాయి. ఆ ఘర్షణే టార్కును పట్టున్న చక్రం వైపు మళ్లిస్తుంది. దీని బయాస్ నిష్పత్తి 3 అనుకుంటే, మన ఉదాహరణలో రెండో చక్రానికి 600 న్యూటన్-మీటర్ల వరకు వెళ్లగలదు. అయితే ఇది గుణకారం అని మరవకండి. గాలిలో ఉన్న చక్రం దగ్గర నిరోధం సున్నా, సున్నాను మూడుతో గుణించినా సున్నాయే. అప్పుడు బ్రేకును కాస్త తొక్కితే ఆ చక్రానికి కొంత నిరోధం ఏర్పడి బండి కదులుతుంది. ఈ రకానికి ఘర్షణ తగ్గించే ద్రవం అక్కర్లేదు. కలిపితే దాని పనికే అడ్డు.

మూడోది లాకర్. మన ట్రాక్టర్లలో పెడల్ తొక్కి వేసే డిఫరెన్షియల్ లాక్ మీలో చాలామంది చూసే ఉంటారు. లాకర్ ఆ పనిని తనంతట తానే చేస్తుంది, మలుపులో మాత్రం బయటి చక్రాన్ని వదులుతుంది. పట్టులో దీనికి సాటి లేదు. రోడ్డు మీద మాత్రం చప్పుడు చేస్తుంది, కుదుపుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. వేగంగా గిర్రున తిరిగే చక్రం పక్కకు జారకుండా నిలువలేదు. సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారినా రెండోది బండి తోకను నిలబెడుతుంది. లాకర్‌తో తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రెండూ ఒకేసారి జారుతాయి, ఖాళీ ట్రక్కు తోక పక్కకు కొట్టుకుపోతుంది. ఆ కాలపు బండిలో దాన్ని సరిదిద్దే ఎలక్ట్రానిక్ సాయం ఏదీ లేదు. అందుకే ఎక్కువగా రోడ్డు మీద, అప్పుడప్పుడు తడి గడ్డి మీద నడిపే బండికి నేను హెలికల్ రకాన్నే సూచిస్తాను. ఎగుడుదిగుడు నేలలో చక్రం తరచు లేచేచోట క్లచ్ రకం నయం. బురదలోనే పని అయితే లాకర్.

రకం తేలాక కొలతలు చూడాలి. ఎఫ్-100లో ఎక్కువగా కనిపించే ఫోర్డ్ 9 అంగుళాల ఇరుసు 1957లో వచ్చింది. దాని డిఫరెన్షియల్ భాగాన్ని మొత్తంగా ముందువైపు నుంచి బయటికి తీయవచ్చు, పనివాడికి అది పెద్ద సౌకర్యం. కానీ లోపలి ఇరుసు కడ్డీల చివర స్ప్లైన్ పళ్లు కొన్నింటికి 28, కొన్నింటికి 31. కడ్డీ బయటికి తీసి లెక్కపెట్టకుండా కొత్తది కొనకండి. బేరింగు కూర్చునే రంధ్రం కొలత కూడా అన్నింటికీ ఒకటి కాదు.

బిగించాక ఒక జాగ్రత్త. ఒక వెనుక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి, ఇంజను నడుపుతూ గేరు వేయకూడదు. సాధారణ డిఫరెన్షియల్‌తో లేచిన చక్రమే తిరుగుతుంది. ఇప్పుడు నేల మీది చక్రం కూడా లాగి ట్రక్కును జాకీ మీద నుంచి దూకించగలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక చక్రం 150 న్యూటన్-మీటర్లకు జారుతోంది. బయాస్ నిష్పత్తి 2.5 ఉన్న హెలికల్ డిఫరెన్షియల్ రెండో చక్రానికి గరిష్ఠంగా ఎంత టార్కు పంపగలదు? అదే చక్రం గాలిలోకి లేస్తే ఎంత?