పూర్వుల వాద్యం - యువకుల గానం

కవికి ఛందస్సు ఎట్టిదో వాద్యకారునికి వాద్యం అట్టిది. రెండూ అతడు కల్పించినవి కావు. పూర్వుల నుండి సంక్రమించినవి. అట్టి సొత్తును స్వీకరించి నిర్మించిన కళ ఎప్పుడు వారసత్వం అవుతుంది, ఎప్పుడు వట్టి అనుకరణగా మిగిలిపోతుంది అన్నది సాహిత్య విద్యార్థులమైన మనకు చిరపరిచితమైన ప్రశ్న. అమెరికాకు చెందిన ఒక యువ రాక్ సంగీత బృందం విషయంలో ఈ ప్రశ్నయే గట్టిగా చర్చకు వచ్చినది. ఆ బృందం చేపట్టిన గిటార్లను, వేదికపై నిలిపిన పరికరాలను, వాటి పనితీరును పరిశీలించి సమాధానం వెదకుటకు ఈ వ్యాసంలో ప్రయత్నింతుము.

గ్రేటా వాన్ ఫ్లీట్ అను ఈ బృందం 2012లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రాంకెన్‌మూత్ అను చిన్న పట్టణంలో ఏర్పడినది. ఇందులో కిజ్కా కుటుంబానికి చెందిన ముగ్గురు అన్నదమ్ములున్నారు. కవలలైన జోష్, జేక్‌లలో జోష్ గాయకుడు, జేక్ గిటారు వాద్యకారుడు. తమ్ముడు సామ్ బాస్ గిటారుతోపాటు ఆర్గన్ కూడ వాయిస్తాడు. 2013లో చేరిన డానీ వాగ్నర్ డ్రమ్ముల వాద్యకారుడు. వీరి 'ఫ్రమ్ ది ఫైర్స్' 2019లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందినది. మీట నొక్కినంతనే ఏ ధ్వనినైనా కంప్యూటరు పుట్టించగల ఈ రోజులలో వీరు కోరి చేపట్టినవి తమ తాతల నాటి పరికరాలు.

జేక్ చేతిలోని ముఖ్య వాద్యం 1961 నాటి గిబ్సన్ గిటారు. అనగా అతడు పుట్టుటకు 35 సంవత్సరాల ముందటిది. గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ అను వాద్యకారుని పేర ఒక గిటారును విడుదల చేసినది. 1961లో దాని రూపు మార్చి, మహాగని కర్రతో పలుచగా, రెండు కొమ్ములు గలదానిగా తయారు చేసినది. కొంత కాలానికి లెస్ పాల్ పేరు తొలగి, 'ఎస్.జి.' అను పేరు స్థిరపడినది.

మన వీణకు కుండ ఉన్నది; మామూలు గిటారుకు బోలుగా ఉండే పెట్టె ఉన్నది. తీగ నాదాన్ని పెంచునవి అవే. ఈ గిటారు కర్ర గట్టిది, లోపల బోలు లేదు. మరి నాదం ఎట్లు పెరుగుతుంది? తీగల క్రింద 'పికప్' అను చిన్న పరికరం ఉంటుంది. అది అయస్కాంతం, దానికి వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. ఉక్కు తంత్రి కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. అయితే ఒకే చుట్ట ఉన్నచో చుట్టుపట్ల విద్యుత్ తీగల రొద కూడ అందులో చేరుతుంది. గిబ్సన్ కంపెనీలోని సేత్ లవర్ 1955లో రెండు చుట్టలను, వాటి అయస్కాంతాలను పరస్పరం వ్యతిరేకంగా అమర్చినాడు. ఫలితంగా రొద రొదను రద్దు చేయగా, తంత్రీనాదం మాత్రం రెండింటిలోను కలిసి బలపడినది.

ఈ బలహీనమైన విద్యుత్తును పెంచునది యాంప్లిఫయరు. జేక్ వాడునవి మార్షల్ యాంప్లిఫయర్లు. లండన్‌లో డ్రమ్ముల అంగడి నడిపిన జిమ్ మార్షల్, అమెరికాలోని ఫెండర్ కంపెనీ నమూనాను అనుసరించి 1962లో తన మొదటి యాంప్లిఫయరును తెచ్చినాడు. ఇందులో పనిచేయునవి గాజు వాల్వులు. ట్రాన్సిస్టరు రాకముందు మన ఇండ్లలోని పెద్ద రేడియోలలో ఉండినవీ ఇట్టి వాల్వులే; అవి వేడెక్కువరకు పాట వినిపించెడిది కాదు. వాల్వు తన శక్తికి మించిన సంకేతం వచ్చినపుడు ధ్వని తరంగపు శిఖరాన్ని అణచివేస్తుంది. అందువలన మూల స్వరానికి కొత్త అనుస్వరాలు తోడై, ధ్వని గరుకుగా, నిండుగా మారుతుంది. ఇంజనీరు దృష్టిలో ఇది దోషం. రాక్ సంగీతంలో ఇదే అలంకారం.

సామ్ వాయించు హామండ్ ఆర్గన్ 1935లో వెలువడిన వాద్యం. అందులో పండ్లు గల ఇనుప చక్రాలు అయస్కాంతం ఎదుట తిరిగి స్వరాలను పుట్టిస్తాయి. గిటారు పికప్ సూత్రమే ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది.

ఇక విమర్శ సంగతి. వీరి ధ్వనిలో లెడ్ జెప్లిన్ బృందపు (1968-1980) ఛాయలు మిక్కుటమని విమర్శకులు ఆక్షేపించినారు. ఆ పోలిక కాదనరానిది. కాని ఆ లెడ్ జెప్లిన్ తాను నిలిచినది అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతపు పునాదిపైననే. వారి 'హోల్ లాటా లవ్' తన గీతానికి ఋణపడినదని విల్లీ డిక్సన్ 1985లో వ్యాజ్యం వేయగా, 1987లో రాజీ కుదిరినది. ఆయన పేరు రచయితల సరసన చేరినది. కనుక ఋణం తీసికొనుట తప్పు కాదు, దానిని దాచుట తప్పు.

తరహీ ముషాయిరాలో ఒకే మిస్రాను పదిమంది షాయర్లకు ఇస్తారు. అవధానంలో పృచ్ఛకుడు సమస్యను ఇస్తాడు. ఛందస్సు, ప్రాస పరులవే. ఐనను అందులో పలుకునది ఎవరి ప్రతిభ వారిది. గిటారు కూడ అట్టిదే. తంత్రిని వంతెన దగ్గర మీటినచో పదునైన నాదం, దూరంగా మీటినచో మెత్తని నాదం వస్తుంది. మృదువుగా మీటినచో వాల్వు స్వచ్ఛంగా పలుకుతుంది. బలంగా మీటినచో గర్జిస్తుంది. ఈ పాత పరికరం తనంతట తాను ఎవరి శైలినీ ఇవ్వదు, చేతిలో ఉన్నదానినే పెద్దది చేసి చూపుతుంది. చేతిలో లెడ్ జెప్లిన్ మాత్రమే ఉన్నచో దానినే వినిపిస్తుంది. సొంత మాట ఉన్నచో ఆ మాటనూ వినిపిస్తుంది. కనుక ఆ యువకుల గానం వారసత్వమా, అనుకరణమా అన్నది 1961 నాటి కర్రను బట్టి కాక, దానిని మీటు వ్రేళ్ళను బట్టి తేలవలసినది.

ఈ సంచికలో తొలిసారి కలం పట్టిన విద్యార్థి మిత్రులకు ఇందులో ఒక సూచన కలదు. గాలిబ్ జమీన్‌లో గజల్ వ్రాయుటకు గాని, వేమన ఆటవెలదిలో పద్యం చెప్పుటకు గాని జంకనక్కరలేదు. ఉస్తాదు పేరు గౌరవంతో చెప్పుకొనుడు. తరువాతి మాట మాత్రం మీదై ఉండవలెను.