తల మారుతుంది... తోక మారదు!
ఇంగ్లీషు జంట క్రియలతో పల్లె విద్యార్థుల తిప్పలు

బస్సు బ్రేక్‌డౌన్ అయింది. మోటారు స్విచాఫ్ చేశారు. శాసనసభలో ప్రతిపక్షం వాకౌట్ చేసింది. ఈ మాటలకు పల్లెల్లో ఎవరూ అర్థం అడగరు. బడి గడప తొక్కని వారు సైతం అరుగు మీద కూర్చుని అలవోకగా అనేస్తారు. అయితే ‘నిన్న బస్సు బ్రేక్‌డౌన్ అయింది’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమంటే మాత్రం పదో తరగతి విద్యార్థి కలం ఆగిపోతుంది. ‘బ్రేక్ డౌన్డ్’ అని రాసేవారూ ఉంటారు. రాయవలసింది ‘బ్రోక్ డౌన్’.

ఇలాంటి వాటిని ఫ్రేజల్ వెర్బ్‌లంటారు. ముందు ఒక క్రియ, దాని వెనక అప్, డౌన్, ఆఫ్, అవుట్ వంటి ఒక చిన్న మాట. రెండూ కలిస్తే కొత్త అర్థం పుడుతుంది. ‘గివ్’ అంటే ఇవ్వడం. ‘గివ్ అప్’ అంటే మానుకోవడం. ‘లుక్’ అంటే చూడటం. ‘లుక్ ఆఫ్టర్’ అంటే ఆలనా పాలనా చూసుకోవడం.

తప్పు ఎందుకు వస్తోంది?

పిల్లల తెలివి తక్కువై వస్తున్న తప్పు కాదిది. తెలుగు అలవాటు తెస్తున్న తప్పు. మనకూ జంట మాటలున్నాయి. ‘బయటపడు’ అన్న మాటనే తీసుకుందాం. నిన్నటి సంగతైతే బయటపడ్డాడు, ఇప్పటిదైతే బయటపడుతున్నాడు, రేపటిదైతే బయటపడతాడు. మూడింటిలోనూ ‘బయట’ కదలలేదు. మారిందల్లా వెనక ఉన్న ‘పడు’ మాత్రమే. మన భాషలో కాలం తోకలో ఉంటుంది.

ఇంగ్లీషులో వరస తిరగబడింది. అక్కడ క్రియ ముందు నిలబడుతుంది, ‘బయట’ వంటి చిన్న మాట వెనక నిలబడుతుంది. తోక చూసే అలవాటున్న మన విద్యార్థి వెనక ఉన్న ‘డౌన్’ను పట్టుకుని దానికే ‘డ్’ తగిలిస్తాడు. పైగా వాడుకలో ‘బ్రేక్‌డౌన్’ను ఒక్క ముద్దగా చేసి, దాని వెనక ‘అయింది’, ‘అవుతుంది’ అని చేర్చుకుంటాం. కాలం భారమంతా ‘అయింది’ మీద పడుతుంది గనుక లోపలి ఇంగ్లీషు మాట మారనవసరం లేకపోయింది.

‘బయట’కు కాలం తగిలించి మాట్లాడమంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. ‘డౌన్డ్’, ‘అప్పింగ్’ అనడం కూడా అంతే. చిన్న మాట ముందున్నా, వెనకున్నా దానికి కాలం అంటదు. అంటేది క్రియకే.

ఒకే బస్సు, అయిదు కాలాలు

బస్సు తరచూ చెడిపోతుంటే ‘బ్రేక్స్ డౌన్’. నిన్న చెడిపోయి ఉంటే ‘బ్రోక్ డౌన్’. ఇప్పుడే చెడిపోయి రోడ్డు పక్కన ఆగి ఉంటే ‘హాజ్ బ్రోకెన్ డౌన్’. మనం స్టాండుకు చేరేసరికే చెడిపోయి ఉంటే ‘హాడ్ బ్రోకెన్ డౌన్’. రేపు చెడిపోతుందని చెప్పాలంటే ‘విల్ బ్రేక్ డౌన్’. అయిదు చోట్లా ‘డౌన్’ డౌనుగానే ఉంది.

క్రియలు మారే తీరు మూడు రకాలు. కొన్ని ‘డ్’ చేరి మారతాయి. టర్న్ ఆఫ్, టర్న్డ్ ఆఫ్. కొన్ని రూపమే మార్చుకుంటాయి. గివ్ అప్, గేవ్ అప్, గివెన్ అప్. కొన్ని అసలు మారవు. పుట్ ఆఫ్, సెట్ అప్, కట్ డౌన్ నిన్నటికైనా అవే రూపాలు. ‘గివ్, గేవ్, గివెన్’ వచ్చిన వారికి గివ్ అప్, గివ్ ఇన్, గివ్ అవే మూడింటి రూపాలూ వచ్చినట్టే. నేర్చుకోవలసింది అర్థాలు మాత్రమే.

మార్కులతో పోయేది కాదు

పదో తరగతి ఇంగ్లీషులో గట్టెక్కాలంటే నూటికి 35 మార్కులు రావాలి. అయితే ఈ తప్పు పరీక్ష హాలులోనే ఆగదు. బ్యాంకు నుంచి ఒక రైతుకు ఉత్తరం వచ్చిందనుకుందాం. ‘యూ హావ్ పెయిడ్ ఆఫ్ ది లోన్’ అని ఉంటే అప్పు పూర్తిగా తీరిందని అర్థం. ‘యూ హావ్ టు పే ఆఫ్ ది లోన్’ అని ఉంటే ఇంకా తీర్చాలని అర్థం. రెండింటిలోనూ ‘ఆఫ్’ ఉంది. తేడా అంతా ‘పే’, ‘పెయిడ్’ల దగ్గరే. చదివి చెప్పే కుర్రాడు తడబడితే ఆ ఇంటికి నిద్ర ఉండదు.

ఉద్యోగాల సంగతీ అంతే. ‘కాల్డ్ ఫర్ ఇంటర్వ్యూ’ అంటే పిలిచారని. ‘ఇంటర్వ్యూ కాల్డ్ ఆఫ్’ అంటే రద్దు చేశారని. ‘కాల్డ్’ అన్న ఒక్క మాట చూసి పట్నం బస్సెక్కితే చార్జీలు దండగ.

ఈ మాటలు పరాయివారికి కష్టమన్న సంగతి ఇంగ్లీషువారే ఒప్పుకున్నారు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక చిన్న మాట చేర్చే ఈ పద్ధతి విదేశీయులను అన్నిటికంటె ఎక్కువ ఇబ్బంది పెడుతుందని దాని ముందుమాటలోనే రాశారు.

తల్లిదండ్రులు చేయగలిగింది

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు కూడా ఇందులో సాయపడవచ్చు. రోజుకు రెండు జంట క్రియలను మూడేసి రూపాల్లో, తోకతో సహా నోటు పుస్తకంలో రాయించాలి. రాత్రి భోజనాల వేళ ‘నిన్న ఏమంటారు? ఇవాళ ఏమంటారు? రేపు ఏమంటారు?’ అని మూడు ప్రశ్నలు వేయాలి. మూడుసార్లూ చివరి మాట ఒకేలా వినిపించాలి. మారి వినిపిస్తే తప్పన్నమాట. దాన్ని పట్టుకోవడానికి చదువు అక్కర్లేదు, చెవులుంటే చాలు.